సరంగు పల్లాలు కంటి పరీక్షకు చదివిన వైనం

ఇది అక్షరాలా జరిగిన కథ. నా నోట్లో ఇంకా మూడు పళ్ళున్నాయి. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా ఆ మూడూ ఈ కాగితం మీదే రాలిపోవాలి. అనుమానముంటే మధ్యమధ్యలో కాగితం దులిపి చూసుకోండి, ఏమీ రాలవు.

నేరేడులంకలో నేర్పలవారని ఒక కుటుంబం ఉంది. ఇంటిపేరులోనే నేర్పుంది, ఇక మనుషుల్లో ఎంతుండాలి! ఊరి మొత్తానికి ఉన్న తెలివిలో ముప్పాతిక వంతు తమ ఇంట్లోనే ఉందనీ, మిగతా పాతికా కూడా తమ పెరటి గోడ దాటి పోయిందేననీ వాళ్ళ లెక్క. మచ్చుకి ఒకటి చెప్తాను. ఒక ఏడు ఏటికి ఎర్రనీరు వచ్చినప్పుడు పంచాయతీవాళ్ళు దండోరా వేయించారు, "నీళ్ళు కాచి తాగండహో" అని. ఊరంతా పొయ్యిలు వెలిగించింది. నేర్పలవారు మాత్రం దుడ్డుకర్రలు తీశారు. బిందెని నట్టింట్లో పెట్టి, చుట్టూ కూర్చుని, మూడు రోజులు కంటిమీద కునుకు లేకుండా కాచారు. నాలుగో రోజు తాగారు. "మన నీళ్ళ దగ్గరికి ఒక్క దొంగ వచ్చాడా? రాలేదు. కాయడమంటే అదీ!" అనుకుని, వృథాగా కట్టెలు తగలేసుకుంటున్న ఊళ్ళోవాళ్ళని చూసి జాలిపడ్డారు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పల్లాలు, ఏటి మీద పంటు నడిపే సరంగు. అతని పెళ్ళాం వీరవేణి, ముగ్గు వేసిందంటే ఎడ్లబండి కూడా తొక్కకుండా చుట్టూ తిరిగి పోవాల్సిందే. వీరవేణి తమ్ముడు కోటిలింగం, పదో తరగతి పరీక్ష పదకొండుసార్లు రాసినవాడు. ఒక్కసారి రాసి ప్యాసైపోయినవాడికి పరీక్ష గురించి ఏం తెలుస్తుంది చెప్పండి? అందుకని పరీక్ష అన్నమాట ఎక్కడ వినిపించినా కోటిలింగాన్నే అడగాలని ఇంట్లో తీర్మానం.

పంటంటే రెండు పడవల్ని జంటగా కట్టి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గేదెల్నీ ఒక్క దెబ్బన ఎక్కించి ఇంజనుతో ఏరు దాటించేది. దాని చుక్కాని ముప్ఫయ్యేళ్ళుగా పల్లాలు చేతిలో ఉంది. అంతకుముందు వాళ్ళ నాన్న చేతిలో ఉండేది. ఇద్దరి అరచేతులూ రాసుకుని రాసుకుని ఆ కర్ర పసిపిల్లాడి బుగ్గలా నున్నబడిపోయింది. పల్లాలు నేల మీద నడిస్తే తూలతాడు, కాళ్ళ కింద ఏదీ కదలకపోతే అతనికి భయం. చుక్కాని పట్టుకున్నాడంటే మాత్రం ధ్వజస్తంభమే.

అలాంటి పల్లాలుకి ఏడాదిగా దూరం కనిపించడం మానేసింది. దగ్గరది బ్రహ్మాండంగా కనిపిస్తుంది, చేతి మీద వాలిన దోమ మగదో ఆడదో చెప్తాడు. దూరంది మాత్రం మజ్జిగలో ముంచి తీసినట్టుంటుంది. ఒకరోజు పంటునిండా జనాన్ని ఎక్కించుకుని, గంటసేపు ఏరంతా తిప్పి, ఎక్కిన రేవులోనే దింపాడు. అందులో ఒక ముసలాయన తిన్నగా వెళ్ళి తన ఇంటి తలుపు తనే కొట్టి, తన పెళ్ళాన్నే "ఏమమ్మా, పెళ్ళి సంబంధం వాళ్ళిల్లు ఎక్కడ?" అని అడిగాడు. ఇంకోరోజు ఏటి నడిమధ్య ఇసుక మేట మీదికి ఎక్కించి "రేవొచ్చింది, దిగండి దిగండి" అన్నాడు. పదిహేడు మంది దిగారు కూడానూ.

అంతే, రేవు పాటదారు సోమసుందరం గారు ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చారు. పాటదారంటే రేవుని వేలంలో పాడుకున్నాయన. పంటు ఆయనది.

"ఒరేయ్ పల్లాలూ! నీ కళ్ళేమైనా నెత్తికెక్కాయేంట్రా?"

పల్లాలు నెత్తి తడుముకున్నాడు. ఏమీ తగల్లేదు. అయినా అంత పెద్దమనిషి ఊరికే అంటారా? "ఏమే, ఓసారి చూడు" అని పెళ్ళాం ముందు తల వంచాడు. వీరవేణి పేల దువ్వెన తెచ్చి, పాయ పాయ విడదీసి వెతికింది.

"కళ్ళెక్కలేదండి బాబుగారూ. రెండు పేలున్నాయండి. అవి మీవైపే చూస్తున్నాయి."

సోమసుందరం గారు రేవు మెట్టు మీద కూలబడిపోయారు. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని అన్నారు: "నాకింక మాటల్లేవు. సోమవారం పొద్దుటికల్లా కంటి పరీక్ష చేయించుకుని, నీకు చూపుందని డాక్టరు రాసిన కాగితం నా చేతిలో పెట్టు. పెట్టి, నా కళ్ళముందు పంటుని అవతలి రేవుకి తిన్నగా తీసుకెళ్ళు. అలాగైతే చుక్కాని నీది. లేదా, వేరే సరంగుని పెట్టుకుంటాను."

"మాటల్లేవంటూనే ఎన్ని మాట్లాడాడో చూశావా అక్కా" అని గొణిగాడు కోటిలింగం.

పల్లాలుకి ఆ గొణుగుడు వినపడలేదు. వేరే సరంగు అన్న దగ్గరే ఆగిపోయాడతను. చుక్కాని కర్ర మీద చెయ్యేసి నిలబడ్డాడు. దాని మీద పరాయివాడి చెయ్యి పడుతుందనుకుంటే, తన వీపు మీదే ఎవడో చల్లటి చెయ్యి పెట్టినట్టయింది.

"ఏం బెంగపడకు బావా," అన్నాడు కోటిలింగం ఛాతీ విరుచుకుని. "ఇంకేదైనా అడిగుంటే కష్టమయ్యేది. పరీక్షే కదా అడిగాడు! నేనున్నాను."

ఆ రోజు గురువారం. గురువారం గురువారం టౌను నుంచి కంటి ఆసుపత్రి నర్సమ్మ ఊళ్ళోకి వస్తుంది. వీళ్ళు వెళ్ళి పట్టుకునేసరికి బస్సు హారను కొడుతోంది. ఆవిడ ఒక కాలు మెట్టు మీద పెట్టి గబగబా చెప్పింది: "శనివారం పదింటికి రండి. అప్పటిదాకా కళ్ళు బాగా చూసుకోండి. మునగాకు, క్యారెట్టు కంటికి చాలా మంచివి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరం చూడండి, కళ్ళకి విశ్రాంతి. ఇంట్లో పాత అద్దాలేమైనా ఉంటే తెచ్చుకోండి. కంట్లో చుక్కలు వేస్తాం, మసకబారుతుంది, కాబట్టి తోడు లేకుండా రావద్దు. తోడు తప్పనిసరి!"

బస్సు పోయింది. కోటిలింగం అరచేతి మీద, మోచేతి దాకా, అన్నీ రాసుకున్నాడు. నేర్పలవారు ఒక్క మాట పొల్లు పోనిచ్చేరకం కాదు.

మొదటిది, కళ్ళు బాగా చూసుకోవడం. పల్లాలు తన కళ్ళు తను చూసుకుందామని కనుగుడ్లు లోపలికి తిప్పాడు. ముక్కు కనిపించింది. ఇంకాస్త తిప్పాడు. రెండు ముక్కులు కనిపించాయి. ఇలా కాదని వీరవేణి చేతి అద్దం ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది.

"కనిపిస్తున్నాయా?"

"ఆయ్, కనిపిస్తున్నాయి."

"ఏం చేస్తున్నాయి?"

"నన్నే చూస్తున్నాయే."

"బాగా చూసుకో. అటూ ఇటూ పోనివ్వకు."

సాయంత్రం దాకా పల్లాలు తన కళ్ళ వైపు, కళ్ళు పల్లాలు వైపు, ఒకరినొకరు కదలనివ్వకుండా చూసుకున్నారు. రెప్ప వేస్తే ఆ కాసేపూ చూసుకోవడం తప్పుతుందని రెప్ప కూడా వేయలేదు. ఇంకేముంది, కళ్ళు రెండూ పండుమిరపకాయలయ్యాయి.

"ఎర్రబడ్డాయంటే బలం పడుతున్నాయి," అన్నాడు కోటిలింగం. "ఇక మందు పెట్టు అక్కా."

వీరవేణి మునగాకు దూసి, క్యారెట్లు తురిమి, రెండూ రోట్లో వేసి నూరింది. వాసనకి పల్లాలుకి ఆకలేసి ఒక క్యారెట్టు ముక్క నోట్లో వేసుకోబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "నర్సమ్మ కంటికి మంచిదంది. నోటికి మంచిదని అందా? మందుతో ఆటలా?" అంతే, ముద్దంతా తెచ్చి రెండు కళ్ళ మీదా అరిసెల్లా తట్టి, కదలొద్దని చెప్పి లోపలికెళ్ళింది.

పల్లాలు కదల్లేదు. పక్కింటి మేక కదిలింది. వచ్చి, అతని తొడ మీద ముందుకాళ్ళు ఆనించి, కుడికంటి మీది మందు శుభ్రంగా తినేసింది. "చాలే, ఎంతసేపు తుడుస్తావే, గరుకుగా ఉంది" అంటున్నాడు పల్లాలు ముద్దుగా. కోటిలింగం చూసి లబోదిబోమన్నాడు.

"కొంప మునిగింది బావా! నీ మందు మేక తినేసింది. ఇప్పుడు పరీక్షలో అది ప్యాసవుతుంది!"

మేక కూడా పరీక్షకి వస్తే కష్టమని దాని యజమానితో మాట్లాడి, శనివారం దాకా దాన్ని కట్టేయించారు.

ఇక శుక్రవారం. ఇరవై అడుగులు చూడాలి. కోటిలింగం అరచెయ్యి తిప్పి తిప్పి చదివి, "అడుగులంటే ఏ అడుగులు?" అని ఆలోచించాడు. వీరవేణి అతని వంక జాలిగా చూసింది. "అడుగులంటే అడుగులే రా. గిన్నె అడుగు, కుండ అడుగు. వంటింటి మొహం చూడనివాడివి, నీకేం తెలుసు?" ఇంట్లో గిన్నెలన్నీ కలిపితే ఏడు అడుగులొచ్చాయి. ఇంకా పదమూడు కావాలి. వీధిలో పదమూడిళ్ళు తిరిగి, "మా ఆయన పరీక్షండీ, మీ అడుగు ఒక్కటివ్వండీ" అని పొయ్యి మీద ఉన్నవి కూడా దింపించి తెచ్చింది. ఆ పూట వీధంతా అటుకులు తిన్నారు.

ఇరవై గిన్నెల్నీ దూరంగా దడి పొడుగునా బోర్లించారు. దూరమంది కదా మరి.

"ఎన్ని కనిపిస్తున్నాయి బావా?"

"ఒకటే. పొడుగ్గా, నల్లగా."

"అవి ఇరవై!"

"అయితే ఇరవై కలిసి ఒక్కటిగా ఉన్నాయి. ఐకమత్యం."

పాపం, పల్లాలు రెండడుగులు ముందుకేశాడు. కనిపించలేదు. ఇంకో రెండు. కనిపించలేదు. చివరికి ఒక్కో గిన్నెకీ ముక్కు ఆనించి, అడుగు పూర్తిగా చూసి, పక్కదానికి జరిగాడు. ఇరవయ్యో గిన్నె దగ్గరికి వచ్చేసరికి మసంతా మొహం మీద ఉంది, గిన్నెలన్నీ తోమినట్టున్నాయి. ఆడవాళ్ళు తమ తమ గిన్నెలు అందుకుని, "రేపు కూడా చూడమనండి వదినా" అని చెప్పిపోయారు.

ఈలోగా కోటిలింగం టౌనుకెళ్ళి అసలైన పని చేసుకొచ్చాడు. పాత ప్రశ్నపత్రం లేకుండా పరీక్షకెలా వెళ్తారు? ఆసుపత్రి వరండాలో గోడకి ఒక అట్ట వేలాడుతోంది. పైన ఒక పేద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. పేపరు ముందే లీకైపోయిందని సంబరపడి మొత్తం కాగితం మీద ఎక్కించుకున్నాడు.

"బావా, కంఠతా పట్టు. 'గ'. తర్వాత 'ర, ట'. తర్వాత 'మ, న, ప'. ఇలా ఏడు వరసలు. పై అక్షరం పెద్దది కాబట్టి పెద్దగా అరవాలి. కిందికి పోయేకొద్దీ గొంతు తగ్గించాలి. ఆఖరి వరస ఎంత చిన్నదంటే, పెదాలు కదపాలి గానీ వినపడకూడదు."

పల్లాలు చదువుకోలేదు. అయినా పట్టాడు. చుక్కాని కోసం ఏడు వరసలేం, ఏటికెన్ని అలలున్నాయో అన్ని వరసలు పట్టేవాడే. "గా!" అని అతను అరిచిన ప్రతిసారీ కట్టేసిన మేక పక్కింట్లోంచి "మే!" అనేది. "వద్దన్నా చదువుతోంది చూడు" అని కోటిలింగం పళ్ళు కొరికాడు.

శనివారం పొద్దున్న పాత అద్దాలు పోగుచేశారు. చేతి అద్దం, స్నానాల గది అద్దం, మంగలి దుకాణం నుంచి బతిమాలి తెచ్చిన నిలువుటద్దం, పగిలిన కిటికీ అద్దాలు మూడు. అన్నిటికంటే పాతది వీరవేణి పుట్టింటి బీరువా అద్దం. ఊడదీద్దామంటే ఊడలేదు. అంతే, బీరువానే సామాన్ల ఆటోలోకి ఎక్కించారు. బీరువా ఊగకుండా పల్లాలు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. వీరవేణి ఒక చేతిలో మూతపెట్టిన గిన్నె, ఇంకో చేతిలో ముగ్గుపిండి డబ్బా పట్టుకుని ముందు కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నిదానస్తురాలు. కళ్ళజోడు సవరించుకుని అడిగింది.

"పాత అద్దాలు తెచ్చారా?"

"తెచ్చామండి. పెద్దది ఇంకా ఆటోలోనే ఉందండి. లోపలికి తేవాలంటే నలుగురు పట్టాలండి."

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ సవరించుకుంది. "సరే. తోడెవరొచ్చారు?"

వీరవేణి గిన్నె మూత తీసి బల్ల మీద పెట్టింది. "ఇదిగోనండి తోడు. గేదె పెరుగు. ఒక్క చెంచా వేశారంటే ఆసుపత్రి మొత్తానికి తోడుకుంటుందండి."

డాక్టరమ్మ పెరుగు వంక, వీరవేణి వంక, మసి పూర్తిగా వదలని పల్లాలు మొహం వంక చూసి, పల్లాలుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదుటి గోడ మీద అట్ట మీద దీపం వెలిగింది.

"చదవండి."

"గా!!" అని అరిచాడు పల్లాలు. వరండాలో ఒక ముసలమ్మ చేతికర్ర జారవిడిచింది. తర్వాత కాస్త తగ్గించి "ర, ట", ఇంకా తగ్గించి "మ, న, ప"... ఆఖరికి పెదాలు మాత్రం కదిపి ఆపేశాడు.

"ఏడు వరసలూ తప్పు లేకుండా చెప్పారే!" అని ఆశ్చర్యపోయింది డాక్టరమ్మ. తర్వాత ఇంకో విషయం గమనించింది. "మరి కళ్ళెందుకు మూసుకున్నారు?"

"తెరిస్తే మర్చిపోతానండి."

అంతే, ఆవిడ మీట నొక్కింది. అట్ట మారిపోయింది. కొత్త అక్షరాలు. పల్లాలు కళ్ళు తెరిచాడు. మజ్జిగ. కోటిలింగం వెనక నుంచి లేచి నిలబడ్డాడు.

"అన్యాయమండి! ఇది సిలబస్‌లో లేదు! గ్రేసు మార్కులు కలపాలి!"

"మీరు కూర్చోండి. పల్లాలు గారూ, ఒక కన్ను మూసుకోండి."

మూసుకున్నాడు.

"ఇప్పుడు రెండోది."

రెండోది కూడా మూసుకున్నాడు.

"ఏం కనిపిస్తోంది?"

"చీకటండి."

"అదొక్కటీ సరిగ్గా చెప్పారు," అంది డాక్టరమ్మ.

కోటిలింగం మొహం చేతుల్లో దాచుకున్నాడు. పన్నెండో పరీక్ష కూడా పోయింది. పల్లాలుకి కళ్ళు తెరవాలనిపించలేదు. చీకట్లో అతనికి చుక్కాని కర్ర స్పష్టంగా కనిపించింది, దాని మీద ఎవడిదో చెయ్యి.

అప్పుడు ముక్కు మీద చల్లగా ఏదో వాలింది. డాక్టరమ్మ ఇనప చట్రం పెట్టి, గాజుబిళ్ళలు ఒకటి తీసి ఒకటి వేస్తూ, "ఇప్పుడు బాగుందా? ఇప్పుడు? ఇప్పుడు?" అని అడిగింది.

"బాగానే ఉన్నానండి. తమరు బాగున్నారా అండి?"

"నా సంగతి తర్వాత. కళ్ళు తెరిచి చూడండి."

పల్లాలు తెరిచాడు. గోడ మీద నల్లటి అక్షరాలు విడివిడిగా నిలబడ్డాయి. కిటికీలోంచి ఎదురింటి మీది పావురం కనిపించింది. దాని మెడ మీది నీలం కూడా కనిపించింది. గది ఆ చివర బల్ల మీద ఎవరో ఒకావిడ పెరుగు గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఒకటే పనిగా తన వంక చూస్తూ, పెదాలు కదుపుతోంది. మొక్కుకుంటోంది కాబోలు.

"ఆవిడెవరండీ?" అన్నాడు మెల్లగా. "అచ్చం మా ఆవిడలా ఉంది. కాకపోతే మా అత్తగారంత ఉంది."

"నేనే మావా!" అంది వీరవేణి ఆ చివర్నుంచి. "ఇప్పుడు చూశావా నన్ను? అత్తగారంతనా? ఇంటికి రా, చెప్తాను!"

పల్లాలు నవ్వాడు. ఏడాది తర్వాత అంత దూరం నుంచి పెళ్ళాం తిట్టే మొహం కనిపించినందుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"లోపల కూడా ఒకసారి చూడాలి, చుక్కలు వేస్తాను" అంది డాక్టరమ్మ. ఆ మాట కోసమే కూర్చున్న వీరవేణి కొంగు బిగించి, ముగ్గుపిండి డబ్బా మూత తీసి, "మీకెందుకండీ శ్రమ, నేనేస్తాను. సరి చుక్కా, సందు చుక్కా? చోటు తక్కువ కాబట్టి మూడు చుక్కలతో చిన్న పద్మం చాలు" అంటూ రెండు వేళ్ళతో పిండి తీసింది. నిదానస్తురాలైన డాక్టరమ్మ అప్పుడు మాత్రం బల్ల మీంచి దూకింది.

సాయంత్రానికి అద్దాలు తయారయ్యాయి. కాగితం కూడా చేతికొచ్చింది: అద్దాలతో చూపు బాగుంది, పంటు నడపవచ్చు. డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టె, ఒక మెత్తటి గుడ్డ ఇచ్చి, చిన్నపిల్లలకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ఈ అద్దాలు దూరానికి. దూరానికి పెట్టుకోండి. దగ్గరికి వద్దు. రోజూ ఈ గుడ్డతో తుడవండి. అర్థమైందా?"

"అయిందండి" అన్నారు ముగ్గురూ. వాళ్ళకి అర్థం కానిదేముంది?

ఆటోలో పల్లాలు ఆశ ఆపుకోలేక కళ్ళజోడు తీసి ముక్కు మీద పెట్టుకోబోయాడు. కోటిలింగం ఎగిరి లాక్కున్నాడు.

"బావా! దగ్గరికి వద్దని చెప్పిందా లేదా? ముక్కు కంటే దగ్గరేముంది?"

"నిజమేరా," అన్నాడు పల్లాలు దిగులుగా. "కానీ పెట్టుకుంటే బాగా కనిపించిందిరా."

"అది పరీక్ష కాబట్టి. పరీక్షలో పెట్టింది ఇంటి దగ్గర పనికొస్తుందా? నేను పదకొండేళ్ళు చదివిందాంట్లో ఇంటి దగ్గర పనికొచ్చింది ఒక్కటి చెప్పు!"

దాంతో కళ్ళజోడు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఇక దూరమంటే ఎంత దూరం? వీరవేణి పెరటి దడి అంది. కోటిలింగం కొట్టిపారేశాడు. అందరికంటే బాగా ఆలోచించింది పల్లాలే. అతనికి తెలిసిన దూరం ఒక్కటే. ముప్ఫయ్యేళ్ళుగా రోజూ వెళ్తున్న దూరం. అవతలి రేవు.

ఇంకేముంది, ఆదివారం కోటిలింగం చిన్న నాటుపడవ వేసుకుని వెళ్ళి, అవతలి రేవులో పంటు కట్టే గుంజకి మేకు కొట్టి, కళ్ళజోడు ఇటువైపు చూసేలా బిగించాడు. వచ్చేటప్పుడు, ఊరికే తెడ్డు వేయడమెందుకని, తెలివిగా పడవ అక్కడే వదిలేసి సాయంత్రం పంటులో కూర్చుని వచ్చేశాడు. ఆ రోజు పంటు నడుపుతున్నది సోమసుందరం గారే. రెండుసార్లు ఇసుక మేట ఎక్కించి, ఇక జన్మలో చుక్కాని పట్టనని ఒట్టు పెట్టుకునే హడావుడిలో ఆయన ఏమీ చూడలేదు.

సోమవారం పొద్దున్న. రేవులో ఊరు ఊరంతా ఉంది. సోమసుందరం గారు కాగితం చదివి, తల పైకెత్తారు.

"అద్దాలతో చూపు బాగుందని రాశారు. అద్దాలేవిరా?"

"దూరానికి పెట్టానండి."

సోమసుందరం గారికి ఏమీ అర్థం కాలేదు. పల్లాలు చుక్కాని పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఎదురుగా అంతా తెల్లగా, మజ్జిగ. ఇంజను మోగింది. అప్పుడు సూర్యుడు పైకొచ్చాడు. అవతలి ఒడ్డున, ఆ మజ్జిగలో, పక్కపక్కన రెండు మెరుపులు మెరిశాయి.

"కనిపిస్తోంది!" అని అరిచాడు పల్లాలు.

అంతే, చుక్కాని ఒక్క వేలెడు కూడా అటూ ఇటూ కదపలేదు. ఇసుక మేట పక్కనుంచి, వలల సందులోంచి, పంటు దారం పట్టి గీసినట్టు వెళ్ళి, సరిగ్గా ఆ గుంజకి ముక్కు ఆనించి ఆగింది. గేదెలు కూడా తూలలేదు. సోమసుందరం గారు పల్లాలు వీపు తట్టి, "డాక్టరమ్మ మంచి అద్దాలే ఇచ్చిందిరా!" అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఎలా అంటారా? తిరిగి వచ్చేటప్పుడు పల్లాలు వెనక్కి తిరిగి నిలబడి, అద్దాల్నే చూస్తూ, వాటికి తిన్నగా దూరమవుతూ వచ్చాడు. వెనక రేవు తగిలినప్పుడు ఆపాడు. ఆ పూట నుంచీ చుక్కాని అతనిదే, ఒక్కరోజూ దారి తప్పలేదు.

ఇవాళ పొద్దున్న చిక్కు వచ్చిపడింది. ఒక నీటికాకి ఆ గుంజ మీద వాలి, వెళ్తూ వెళ్తూ సరిగ్గా రెండు అద్దాల మీదా తన గుర్తు వేసిపోయింది. మెరుపు పోయింది. పంటు నిండా జనం, పల్లాలు చుక్కాని పట్టుకుని మజ్జిగలోకి చూస్తున్నాడు. మధ్యాహ్నంలోగా కదలకపోతే వేరే సరంగుకి కబురు పెడతానని సోమసుందరం గారు మళ్ళీ మొదలుపెట్టారు. అద్దాలు తుడిస్తే గానీ పంటు కదలదు. పంటు కదిలితే గానీ తుడవడానికి వెళ్ళలేరు. నాటుపడవ అటు ఒడ్డునే ఉంది. నేర్పలవారు ముగ్గురూ పొద్దుటినుంచీ ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు, ఈత వచ్చినవాళ్ళెవరైనా కావాలని.

అదుగో, కథ చదువుతూ కాళ్ళూపుతూ కూర్చున్నావే, నువ్వే, లే. ఇదిగో మెత్తటి గుడ్డ. తలకి చుట్టుకో, తడవకూడదు. ఏరీది వెళ్ళి అద్దాలు తుడిచి రా. తెలివెక్కువై వాటిని ఇటు పట్టుకొచ్చేవు, దగ్గరైపోతాయి. అన్నట్టు, నువ్వు ఈదుతుంటే పల్లాలు ఒడ్డున నిలబడి "అటు కాదు, ఇటు, ఇటు" అని దారి చెప్తాడు. వినకు.